పాట లేని రికార్డు
(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ కార్యక్రమంలో ప్రసంగించమని కబురు వచ్చినప్పుడు, ఏ విషయం మీద మాట్లాడమంటారని అడిగాను. "ఈమధ్య మీరు కొత్తగా తెలుసుకున్నది ఏదైనా చెప్పండి, నలుగురికీ పనికొస్తే చాలు" అన్నారు. ఊరగాయలూ, పొదుపూ, పిల్లల చదువులూ నాకంటే బాగా చెప్పగలవారు మీలోనే చాలామంది ఉన్నారు. కొత్తగా తెలుసుకున్నది అనేసరికి నాకు తోచింది ఒక్కటే: మా రెండో అమ్మాయి పాటలు కలిపి వాయించడానికి కొనుక్కున్న సామాను. అందులో నా చీటీ డబ్బు ఉంది. డబ్బు నాదైనప్పుడు సామాను సంగతి కూడా నాకు తెలియాలి కదా! అందుకని ఆరునెలలపాటు దాని పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

"డీజే" అనగానే మీ కళ్ళముందు ఏం కదులుతుందో నాకు తెలుసు. ఊరేగింపు, లారీ మీద మేడంత ఎత్తున సౌండు పెట్టెలు, గడగడలాడే కిటికీ అద్దాలు. మావారికీ అదే కనబడింది. 2024 లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండును హైదరాబాదు పోలీసులు నిషేధించినప్పటి వార్త ఆయనకు బాగా గుర్తు. "పోలీసులు వద్దన్న పని నీ కూతురు చేస్తానంటోంది" అన్నారు. మంచి పని చేసినప్పుడు ఆయన కూతురు, ఇలాంటప్పుడు నా కూతురు!

నిజానికి అమ్మాయి చేసేది అది కాదు. రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టుకుని, ఒక పాట ముగుస్తూండగానే రెండో పాటను అదే తాళానికి తెచ్చి, వినేవాళ్ళకు అతుకు తెలియకుండా కలపడం. మల్లెల మధ్య కనకాంబరాలు చేర్చి మాల కట్టేటప్పుడు దారం కనబడనివ్వం చూడండి, అలాగన్నమాట. ఆఫీసు నుంచి వచ్చి, తిని, రాత్రి రెండు గంటలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేస్తుంది. రెండు పాత ప్లేయర్లు తన జీతంలోంచే కొనుక్కుంది.

ఒకరోజు అది ఆఫీసుకు వెళ్ళాక గది సర్దుతుంటే నల్లటి రికార్డొకటి కనబడింది. మా మామగారి నాటి ప్లేయరు ఇంకా మా ఇంట్లో ఉంది. ఏం పాటో విందామని దాని మీద పెట్టాను. పాటా లేదు, మాటా లేదు. "కూ..." అని సన్నటి ఈల. ముల్లు ఎక్కడ పెట్టినా అదే ఈల. మావారు పేపరు దించి, "డబ్బు పోసి కొన్నది ఇదేనా?" అన్నారు. నాకూ మనసు చివుక్కుమంది. ఎవరో పిల్లను మోసం చేసి పాట లేని రికార్డు అంటగట్టారనుకున్నాను.

సాయంత్రం అడిగితే అమ్మాయి నవ్వింది. "అమ్మా, అందులో పాట ఉండదు. పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉంటాయి. ఇది స్టీరింగు లాంటిది" అంది.

సంగతేమిటంటే, ఆ రికార్డులో ఉన్న ఈల కంప్యూటరుకు అర్థమయ్యే భాష. రికార్డు మామూలు వేగంతో తిరిగితే ఒక స్థాయిలో మోగుతుంది. ఎక్కువ వాడుకలో ఉన్న సెరాటో రికార్డులో అయితే సెకనుకు 1000 కంపనాలు. చేత్తో నెమ్మదిగా తిప్పితే ఈల దిగుతుంది, గబగబా తిప్పితే హెచ్చుతుంది. దాన్ని విని కంప్యూటరు పాట వేగాన్ని మారుస్తుంది. కుడి ఎడమ చానళ్ళలో ఈల ఒకేసారి రాదు, ఒకటి రెండోదానికంటే కాస్త వెనకపడి వస్తుంది. ఏది ముందు వచ్చిందో చూసి, రికార్డు ముందుకు తిరుగుతోందా వెనక్కా అన్నది గ్రహిస్తుంది. ముల్లు ఎన్నో నిమిషం దగ్గర ఉందో తెలియడానికి అందులోనే గుర్తులుంటాయి. కాబట్టి చెయ్యి రికార్డు మీదే ఉంటుంది, మోగేది మాత్రం కంప్యూటరులోని పాట. బీరువాడు రికార్డులు మోసుకు తిరిగే బాధ ఉండదు.

ఈ విద్య ఎక్కడ మొదలైందో చెబితే మీకు సరదాగా ఉంటుంది. 1973 ఆగస్టు 11 న న్యూయార్కు నగరం బ్రాంక్స్ ప్రాంతంలో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని, తాము ఉండే భవనంలోని హాలులో పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టిక్కెట్టు. పాటలు వేసింది ఆమె అన్నగారు, కూల్ హెర్క్ అనే పేరుతో ప్రసిద్ధుడైనవాడు. హిప్‌హాప్ అనే సంగీతం పుట్టింది ఆ రోజేనని ఈనాటికీ చెప్పుకుంటారు. పుస్తకాల్లో అన్నగారి పేరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. హాలు మాట్లాడి, టిక్కెట్లు పెట్టి, లెక్క చూసుకున్నది మాత్రం చెల్లెలు!

జపాన్‌వారి టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ప్లేయరు అంతకు ముందు ఏడాదే, 1972 లో వచ్చింది. అందులో పళ్ళేన్ని రబ్బరు బెల్టు కాకుండా మోటారే నేరుగా తిప్పుతుంది. చేత్తో ఆపి వదలగానే మళ్ళీ వేగం అందుకుంటుంది. బెల్టు ప్లేయరు ఈ పనికి పనికిరాదు, ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. ఇక ఈల రికార్డుల విషయానికొస్తే, 2000 దాటిన తొలి ఏళ్ళలో నెదర్లాండ్స్‌వారు ఒకటి చేశారు, 2004 లో న్యూజీలాండ్‌కు చెందిన సెరాటోవారు అమెరికాలోని రేన్ కంపెనీతో కలిసి మరొకటి తెచ్చారు. అక్కడి నుంచి బాగా వ్యాపించింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్లేయరు నుంచి వచ్చే ఈల కంప్యూటరులోకి వెళ్ళాలి, కంప్యూటరులోని పాట బయటికి రావాలి. మధ్యలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. సౌండ్ కార్డు అంటారు, ఆడియో ఇంటర్‌ఫేస్ అని కూడా అంటారు. చూడ్డానికి పోపులపెట్టెకంటే పెద్దదేమీ కాదు. పిల్లలు ప్లేయర్ల అందం, దీపాల రంగులు చూసి మురిసిపోతారు. ఈ పెట్టె దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి" అంటారు. మేం తప్పు చేసింది సరిగ్గా అక్కడే.

ఆరువేలు పెట్టి ఒక పెట్టె తెప్పించుకున్నాం. వచ్చింది, తళతళలాడుతోంది, పాట కూడా వచ్చింది. కాని ఒక్క ప్లేయరుతోనే! రెండో ప్లేయరు వైర్లు పెట్టడానికి చోటే లేదు. పెట్టె మంచిదే, తప్పు మాది. అది పాడుకునేవాళ్ళు మైకు పెట్టుకుని రికార్డు చేసుకోవడానికి తయారైనది. రెండు లోపలికి, రెండు బయటికి.

లెక్క చూడండి. ఒక్కొక్క ప్లేయరు నుంచి రెండు వైర్లు, ఎర్రది కుడి, తెల్లది ఎడమ. రెండు ప్లేయర్లకు నాలుగు. అంటే పెట్టెలోకి నాలుగు దారులు కావాలి. అలాగే రెండు పాటలు విడివిడిగా మిక్సరుకు వెళ్ళాలి కాబట్టి బయటికి కూడా నాలుగు. డబ్బా మీద "4 ఇన్, 4 అవుట్" అని ఉంటేనే ముందుకు వెళ్ళండి. అయినా డబ్బా మీది అంకెను నమ్మకుండా వెనక వైపు తిప్పి రంధ్రాలు లెక్కపెట్టండి. కొన్నిటి మీద హెడ్‌ఫోను రంధ్రాన్ని కూడా కలిపి పెద్ద అంకె వేస్తారు. చీరకు జాకెట్టు ముక్క కలిపి ఆరున్నర గజాలని చెప్పినట్టు!

ఇక రెండో మెలిక. ముల్లు నుంచి వచ్చే విద్యుత్తు చాలా సన్నటిది, సుమారు 5 మిల్లీవోల్టులు. సెల్‌ఫోనో, టీవీయో ఇచ్చే సౌండు అరవోల్టు, ఒక వోల్టు దాకా ఉంటుంది. మొదటిదాన్ని ఫోనో అంటారు, రెండోదాన్ని లైను అంటారు. గుసగుసకూ కేకకూ ఉన్నంత తేడా. అదొక్కటే కాదు. రికార్డు కోసేటప్పుడు బొంగురు స్వరాలను తగ్గించి, సన్న స్వరాలను హెచ్చించి కోస్తారు. లేకపోతే గాళ్ళు వెడల్పయిపోయి రికార్డులో పట్టవు, బుస కూడా ఎక్కువ వినిపిస్తుంది. వాయించేటప్పుడు ఆ హెచ్చుతగ్గులను తిరిగి సరిచేయాలి. గుసగుసను పెంచి, స్వరాలను సరిచేసే పరికరం పేరు ఫోనో ప్రీయాంప్లిఫయరు.

కొన్ని పెట్టెల్లో అది లోపలే ఉంటుంది. వాటి మీద "ఫోనో" అని రాసి, పక్కన ఎర్త్ తీగ బిగించే మర ఉంటుంది. బెహ్రింజర్‌వారి యూఎంసీ404హెచ్‌డీ లాంటి పెట్టెల్లో నాలుగు దారులూ ఉన్నాయి కాని ఫోనో లేదు. అప్పుడు విడిగా రెండు చిన్న ప్రీయాంప్లిఫయర్లు కొనుక్కోవాలి, తగిన వైర్లు వెతుక్కోవాలి. ఆ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకుని, అప్పుడు ఏది చవకో చూడాలి. ఇంకో చిత్రం ఉంది. ఆడియో టెక్నికా ఎల్‌పీ120 లాంటి ప్లేయర్లలో ఈ పరికరం ప్లేయరులోనే ఉంటుంది, వెనక ఒక స్విచ్చి ఉంటుంది. దాన్ని లైనులో ఉంచి, వైరును తీసుకెళ్ళి పెట్టె మీది ఫోనోలో పెడితే, ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేసినట్టే. బరబరమని చెవులు పగులుతాయి.

ఈసారి మేం తొందరపడలేదు. అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుంది, ఈల రికార్డు సంచిలో పెట్టుకుంది, ఇద్దరం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాం. ఇత్తడి సామాను కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. పెట్టి చూడకుండా కొనకూడదు. నాలుగు దారులున్న పెట్టె ఒకటీ, చిన్న ప్రీయాంప్లిఫయర్లు రెండూ తీసుకున్నాం. "సాఫ్టువేరు ఏమిటమ్మా?" అని దుకాణదారుడు అడిగాడు. ఆ ప్రశ్న చాలా ముఖ్యమైనదని నాకు తరవాత తెలిసింది.

ఎందుకంటే, సెరాటోవారి సాఫ్టువేరు ఏ పెట్టెనుబడితే ఆ పెట్టెను ఒప్పుకోదు. వాళ్ళు ఆమోదించిన పరికరాలతోనే ఈల రికార్డులు పనిచేస్తాయి. దానికి కూడా కొన్నిటికి విడిగా అనుమతి కొనుక్కోవాలి, కొన్నిటికి పరికరంతోనే వస్తుంది. మిక్స్ అనే సాఫ్టువేరు ఉచితం. దానికి ఏ పెట్టె అయినా సరే, దారులు సరిపోతే చాలు. వరుడు కుదిరాక ముహూర్తం చూసినట్టు, సాఫ్టువేరు నిశ్చయమయ్యాకే పెట్టె చూడాలి. అమ్మాయి ఇంట్లో సాధనకు ఉచితమైనదే చాలంది. "పెద్ద చోట్ల వాయించే రోజు వస్తే అక్కడ మిక్సరులోనే పెట్టె ఉంటుంది అమ్మా" అంది. ఆ మాటా నిజమే. రేన్ సెవెంటీ, పయొనీర్ డీజేఎం-ఎస్7 వంటి మిక్సర్లలో సౌండ్ కార్డు లోపలే అమర్చి ఉంటుంది. వైర్ల గొడవ సగం తగ్గుతుంది. డబ్బుంటే నేనూ అదే కొనమని చెప్పేదాన్ని.

ఈ మధ్యలోనే తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడు పాత సెరాటో పెట్టె, 2004 నాటి ఎస్ఎల్1, సగం ధర కంటే తక్కువకే ఇస్తానన్నాడు. వస్తువు ఉక్కులా ఉంది. నాకైతే తీసుకుందామనే అనిపించింది. అమ్మాయి రాత్రంతా చదివి, వద్దంది. ఆ పెట్టె ఆ రోజుల్లో వచ్చిన పాత సాఫ్టువేరుతో మాత్రమే పనిచేస్తుంది. దాన్ని కంపెనీవారు మానేశారు, తరవాత వచ్చిన సెరాటో డీజే దాన్ని గుర్తించదు. పాత గ్రైండరు కొంటే రాయి అరిగిందా అని చూసుకుంటే చాలు. కంప్యూటరుకు తగిలించే పాత సామాను మాత్రం వస్తువు బాగున్నా మూలకు చేరవచ్చు. ఈరోజు వాడే కంప్యూటరుతో పనిచేస్తుందని కళ్ళతో చూస్తేనే డబ్బివ్వాలి.

ఇంటికి తెచ్చి అన్నీ తగిలించాం. మిక్స్ సాఫ్టువేరులో ఒక చిన్న గుండ్రటి గీత కనబడుతుంది. ఈల శుభ్రంగా వస్తూంటే అది చక్కటి వలయం. కుడి ఎడమల్లో ఒక వైరు ఊడితే వలయం కాస్తా ఒట్టి గీత అయిపోతుంది. ముల్లుకు దుమ్ము పట్టినా, గురగుర చేరినా నూగునూగుగా అవుతుంది. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి వణికితే ఎలా ఉంటుందో అలా. ఇన్ని యంత్రాల్లో నాకు చూడగానే అర్థమైంది అదొక్కటే.

మొదటి రోజు ఎడమ ప్లేయరు బాగా పలికింది. కుడి ప్లేయరు మీద మాత్రం పాట వెనక్కి నడిచింది! మాటలన్నీ తిరగబడి ఏదో పరభాషలా వినిపించాయి. అమ్మాయి సాఫ్టువేరంతా తిరగేసింది, స్నేహితులకు ఫోన్లు చేసింది, కంట నీళ్ళు పెట్టుకుంది. నేను కాఫీ పట్టుకెళ్ళి వెనకనించి చూస్తే, ఒక ప్లేయరు ఎర్ర వైరు ఎర్ర రంధ్రంలో ఉంది, రెండోదాని ఎర్ర వైరు తెల్ల రంధ్రంలో ఉంది. ఆ మాటే అన్నాను. మార్చింది. పాట ముందుకు నడిచింది. కుడి ఎడమలు తారుమారైతే కంప్యూటరు దిక్కు మరిచిపోతుందని ఇందాక చెప్పాను కదా, అదే. ఆ రోజునించి మావారు నన్ను "ఇంజనీరు గారూ" అని పిలుస్తున్నారు. ఎగతాళేలెండి.

ఇంకో చిన్న బాధ వచ్చింది. చెయ్యి కదిపిన క్షణానికి కాకుండా పాట కాస్త ఆలస్యంగా కదిలేది. దీనికి కారణం పెట్టెకూ కంప్యూటరుకూ మధ్య సౌండు కొంచెం కొంచెంగా పోగై వెళ్ళడం. కొళాయి దగ్గరినించి వంటింటికి నీళ్ళు మోస్తున్నారనుకోండి. చెంబుతో మోస్తే నీళ్ళు వెంటనే అందుతాయి, కాని ఊపిరాడకుండా తిరగాలి. ఒక్కసారి ఆగితే వంట ఆగుతుంది. బిందెతో అయితే తీరిగ్గా తిరగవచ్చు, కాని నిండేదాకా కాచుకోవాలి. ఆ పోగు పరిమాణం సాఫ్టువేరులో మార్చుకోవచ్చు. 1024 అని పెడితే సుమారు 23 మిల్లీసెకన్ల ఆలస్యం, 128 అని పెడితే 3. అమ్మాయి 128 పెడితే పాట టపటప తెగింది. 256 దగ్గర కుదురుకుంది. పెట్టెతో ఇచ్చిన సొంత డ్రైవరు వేసుకోకపోతే విండోస్ కంప్యూటర్లలో ఈ ఆలస్యం తగ్గడం కష్టం, అది మరిచిపోవద్దు. 96, 192 అంటూ డబ్బాల మీద గొప్పగా అచ్చువేసే అంకెలకు మాత్రం అదనంగా డబ్బివ్వకండి. ఈల రికార్డుకు 44.1 చాలు.

మీరు "ఇదంతా ఇంట్లో ముచ్చట, దీనికింత హడావుడా?" అనుకుంటున్నారేమో. మా ఆడపడుచు కూతురి పెళ్ళి సంగీత్‌కు అమ్మాయే వాయించాలని నిశ్చయమైంది. పెళ్ళికూతురు పట్టుబట్టింది. చుట్టాలందరి ముందూ. మావారు అవునని అనలేదు, కాదనీ అనలేదు. భోజనం దగ్గర మాట్లాడటం తగ్గించారు, అంతే. బాగా జరగకపోతే అమ్మాయి ఈ పని ఇక మానుకోవలసిందేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఫంక్షన్ హాలులో సామాను అమర్చాం. ల్యాప్‌టాప్ చార్జరు ప్లగ్గులో పెట్టగానే "గుంయ్..." అని మొదలైంది. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపే సౌండులో చేరుతుందన్నమాట. తెర మీద వలయం గొంగళిపురుగులా అయింది. పాట వణికింది. ఎదురుగా కుర్చీల్లో పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు.

హాలులో సౌండు చూసే కుర్రవాడు వచ్చి, "ఆంటీ, ప్లగ్గుకు ఆ మూడో పిన్ను విరిచేద్దాం, పోతుంది" అన్నాడు. సోదరీమణులారా, ఈ మాట ఎవరు చెప్పినా వినకండి. ఆ మూడో పిన్ను ఎర్త్. మా పాత గ్రైండరుకు ఎర్త్ లేక, తడిచేత్తో ముట్టుకుని నేను అవతలి గోడదాకా వెళ్ళి పడ్డ రోజు నాకింకా గుర్తుంది. గుంయ్‌మనే చప్పుడు పోతుందని ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. "వద్దు నాయనా" అని గట్టిగానే అన్నాను.

అప్పుడు ఒక్కొక్కటే చూశాం. ప్లేయరు నుంచి ఎర్ర, తెల్ల వైర్లతోపాటు సన్నటి తీగ ఇంకొకటి వస్తుంది, అది ప్రీయాంప్లిఫయరు మర కింద బిగించాలి. బల్ల కింద చీకటి. టార్చి కావాలని వెనక్కి తిరిగితే, మావారు సెల్‌ఫోను లైటు వేసి వంగి నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. కుడి ప్లేయరు తీగ ఊడి వేలాడుతోంది. దాన్ని వేళ్ళతో బిగించేసరికి సగం చప్పుడు పోయింది. మా ప్లగ్గులు ఒక గోడకు, హాలువారి సౌండు ప్లగ్గు ఇంకో గోడకు ఉన్నాయి. అన్నిటినీ ఎర్త్ ఉన్న ఒకే జంక్షన్ బాక్సులోకి మార్చాం. ఇంకా కొద్దిగా మిగిలింది. అమ్మాయి ల్యాప్‌టాప్ చార్జరు పీకేసింది. నిశ్శబ్దం! బ్యాటరీ రెండు గంటలు వస్తుంది, సంగీత్‌కు అది చాలు. అప్పటినించి ఎక్కడికి వెళ్ళినా బ్యాటరీ నిండుగా నింపుకునే బయలుదేరుతుంది.

వాయించింది. నాకు కొత్త పాటలు అంతగా తెలియవు. మా పెద్దాడపడుచు, డెబ్భై దాటిన మనిషి, కుర్చీలోంచి లేచి తాళం వేసిందని మాత్రం చెబుతాను. మావారు చివరిదాకా బల్ల పక్కనే నిలబడ్డారు. ఎవరైనా వైర్లు తొక్కుతారేమోనట.

ముల్లు సంగతి చెప్పడం మరిచాను. ఈ పనికి ముల్లు త్వరగా అరుగుతుంది, కాబట్టి విడి ముల్లు బజారులో దొరికే రకమే కొనాలి. చాలాకాలం అందరూ మెచ్చిన షూర్ కంపెనీ 2018 లో ముల్లుల తయారీయే మానేసింది. పాతవి ఎవరైనా ఇస్తే సంతోషమే కాని, మళ్ళీ అసలు ముల్లు ఎక్కడ తెస్తారు? ప్లేయరు పెట్టే బల్ల కదలకూడదు. మా పాత కుట్టుమిషను బల్ల మీద పెడితే, వంటింట్లో మిక్సీ వేసినప్పుడల్లా ముల్లు ఎగిరేది. వంటగట్టు వేయించినప్పుడు మిగిలిన గ్రానైటు పలక ఒకటి పెరట్లో పడివుంటే కడిగి కింద పెట్టాం. కుదిరింది.

ఇక ఈ పెట్టె వల్ల మీకందరికీ పనికొచ్చే ప్రయోజనం ఒకటుంది. మీ ఇళ్ళలో పాత ఎల్పీ రికార్డులు అటక మీద ఉండే ఉంటాయి. ప్లేయరు, ప్రీయాంప్లిఫయరు, ఈ పెట్టె ఉంటే ఆ పాటలను కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. దానికి రెండు దారుల పెట్టె చాలు. మేం తప్పుగా కొన్న ఆరువేలది ఆ పనికి అమరింది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్టువేరు ఉంది. రికార్డును మెత్తటి పొడిబట్టతో గాడి వెంబడి తుడిచి, ఒక్కసారి నెమ్మదిగా ముందుకే నడిపించాలి. అమ్మాయి ముందుకూ వెనక్కూ గీకే ముల్లును మంచి రికార్డుల మీద పెట్టనివ్వకండి, దానికి వేరే ముల్లు ఉంచుకోండి. ఇంకా పాతకాలపు 78 రికార్డులకు గాడి వెడల్పు, వాటి ముల్లే వేరు. ఎల్పీ ముల్లు పెడితే రెండూ చెడతాయి.

మా అత్తగారి దగ్గర ఘంటసాలగారి భగవద్గీత రికార్డు ఉంది. మామగారు కొన్నది. పాత ప్లేయరు పిన్ను పోయి ఎన్నో ఏళ్ళు ఆవిడ వినలేదు. ఆ మధ్య పిన్ను వేయించినా, గీసుకుపోతుందని భయపడి పెట్టనివ్వలేదు. అమ్మాయి ఒక ఆదివారం దాన్ని తుడిచి, కొత్త ముల్లు పెట్టి, రెండు వైపులా ఎక్కించింది. ఆవిడ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఒకచోట టక్కున చిన్న చప్పుడు వచ్చింది. అమ్మాయి, "ఈ చప్పుడు తీసేయవచ్చు నాన్నమ్మా, తీసెయ్యనా?" అంది. "వద్దే, అది మీ తాతయ్య చెయ్యి జారి గీరింది. అక్కడ ఎప్పుడూ అలాగే అనేది" అంది ఆవిడ. అలాగే ఉంచేసింది.

నాకిచ్చిన సమయం అయిపోయినట్టుంది.